విశ్వాన్ని ఏటిగట్టు మీంచి దొర్లించిన వైనం

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పలేను. మా ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే వీధి చివరికి వెళ్ళి నేను చెప్పేసరికి అది న్యుమోనియా అవుతుంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే నా నోట్లో గోదావరి మా అరుగెక్కి కాళ్ళు చాపుకుంటుంది. మా ఆవిడ నా మాటల్ని పదితో భాగించి వింటుంది. చుట్టాలు కాస్త మర్యాదస్తులు కాబట్టి ఐదుతో భాగిస్తారు.

అయితే నన్ను తిట్టే ముందు నా ఉద్యోగం ఏమిటో చూడండి. ఆవగింజలో కోటానుకోట్ల వంతు కూడా లేని చోటు, రెప్పపాటులో కోటానుకోట్ల వంతు కూడా పట్టని కాలంలో, ఊహకి అందనంత ఉబ్బిపోయిందని లెక్కలు కట్టడం నా పని. దీన్ని మా రంగంలో ఇన్‌ఫ్లేషన్ అంటారు. ఇన్నేళ్ళూ ప్రభుత్వం నాకు ఉబ్బించడానికే జీతమిచ్చింది. రిటైరయ్యాను కదా అని ఒక్కసారిగా అన్నీ కుదించి చెప్పమంటే నా వల్ల కాదు.

రిటైరవడమంటే వయసు మీరి కాదు. స్వచ్ఛందంగానే మానేసి అమలాపురంలో కూర్చున్నాను. వయసు మధ్యలోనే ఆగింది, పొట్ట ఒక్కటే ముందుకెళ్ళింది. ఈ రంగంలోకి రాబోయే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి “ఈ పని ఎలా ఉంటుందండీ” అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా ఉబ్బించి చెప్పే ఓపిక లేక, అందరికీ కలిపి ఒకేసారి ఉబ్బించి రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతీ, ఫైళ్ళ సంగతీ ఇందులో ఉండవు. వాటిని ఉబ్బించడం నాక్కూడా చేతకాలేదు.

పని ఏమిటంటే

విశ్వం పుట్టిన దాదాపు మూడు లక్షల ఎనభై వేల ఏళ్ళకి బయలుదేరిన వెలుగు ఒకటి ఇప్పటికీ మన నెత్తిన పడుతూనే ఉంది. కంటికి కనపడదు, మైక్రోవేవ్ రూపంలో ఉంటుంది. ఆకాశంలో ఏ మూలకి చూసినా దాని వేడి ఒకేలా ఉంటుంది. తేడా అంటూ ఉంటే సుమారు లక్షలో ఒక వంతు. ఆ పిసరంత తేడాలని ఉపగ్రహాలూ, టెలిస్కోపులూ పటాలుగా గీస్తాయి. ఆ పటం ముందేసుకుని, “అయ్యా, నువ్వు ఇలా తయారవ్వాలంటే అంతకు ముందు ఉబ్బరం ఎలా జరిగి ఉండాలి?” అని అడగడం మా పని. పటం నోరు విప్పదు. మేమే అడిగి మేమే జవాబు చెప్పుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ ఉబ్బరాన్ని నడిపించిన శక్తిని ఒక వాలు మీంచి మెల్లగా దొర్లే బంతిలా ఊహించుకోండి. వాలు ఎలాంటిది అన్నదే ప్రశ్న. నిటారైన వాలైతే ఆకాశంలో గురుత్వ తరంగాల జాడ, అంటే స్థలమే అదిరిన గుర్తు, గట్టిగా మిగలాలి. దాదాపు చదునుగా ఉంటే ఆ జాడ ఉందో లేదో తెలియనంత పలచగా ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో వాలు గీసి, దానికో పేరు పెట్టి, మోడల్ అంటారు. అలాంటివి ప్రపంచంలో వందల కొద్దీ ఉన్నాయి. ఒక్కోదాని వెనకా ఒక బట్టతల ఉంది.

నేను ఏ వాలు గీశానో ఊహించండి. కోనసీమలో పుట్టినవాడికి కొండ తెలియదు. నేల పళ్ళెంలా ఉంటుంది, మాకు తెలిసిన ఎత్తల్లా ఏటిగట్టు. చిన్నప్పుడు బ్రేకుల్లేని సైకిలెక్కి ఏటిగట్టు మీంచి దిగి, ఎవరిదో అరటితోటలో ఏడో వరసలో ఆగేవాణ్ణి. ఆ దిగేటప్పుడు కడుపులో కలిగే ఖాళీ ఉందే, విశ్వం పుట్టినప్పుడు కూడా అలాగే ఉండుంటుందని నాకు గట్టి నమ్మకం. పీహెచ్‌డీలో చేరగానే ఆ వాలునే సమీకరణంగా రాశాను. పత్రికల్లో దానికేదో నోరు తిరగని ఇంగ్లీషు పేరుంది. మా గదిలో మాత్రం అది గట్టు మోడల్.

ఇక ధూళి సంగతి. మా నాన్నగారు మండపేటలో ఒక రైస్ మిల్లు గుమాస్తా. సెలవుల్లో అక్కడికి వెళ్ళేవాణ్ణి. పైకప్పు రేకుల సందుల్లోంచి ఎండ కర్రలా దిగేది. ఆ ఎండలో ఊకపొడి బంగారంలా సుళ్ళు తిరిగేది, అవతలి గోడ కనపడేది కాదు. మా వృత్తిలో సగం ఆ మిల్లులో నిలబడడమే. మన పాలపుంతలోనూ ధూళి ఉంది. అదీ మెరుస్తుంది. మేం వెతికే తరంగాల జాడ ఎలా మెలికలు తిరుగుతుందో, అచ్చం అలాగే మెలికలు తిరిగి మెరుస్తుంది. దాన్ని లెక్కలతో ఊడ్చి అవతలి గోడ చూడాలి. ఊడవడం తక్కువైతే ధూళికే దండం పెడతాం. ఎక్కువైతే గోడకున్న సున్నం కూడా రాలిపోతుంది.

కాజాల రోజు

మా గురువుగారు శేషగిరిరావు గారు. పొడుగ్గా, సన్నగా, వెదురుబొంగుకి కళ్ళజోడు పెట్టినట్టు ఉండేవారు. మాటలు కొలిచి వాడేవారు. ఆయన దగ్గర చేరిన మొదటి ఏడాది ‘ఊఁ’ అనడాన్ని నేను ప్రసంగంగా లెక్కేసుకునేవాణ్ణి.

ఒకరోజు నా లెక్కలో గురుత్వ తరంగాల జాడ కనిపించింది. గట్టు మోడల్ ఎంత కావాలందో సరిగ్గా అంత. అప్పుడే ఊరినుంచి వచ్చాను, సంచిలో తాపేశ్వరం మడత కాజాల పెట్టె ఉంది. డిపార్టుమెంటంతా పంచాను. వాచ్‌మన్‌కి పంచాను. ఉత్తరాలివ్వడానికి వచ్చిన పోస్ట్‌మాన్‌ని కూర్చోబెట్టి, విశ్వం ఎలా పుట్టిందో చెప్పి, రెండు కాజాలిచ్చి పంపాను. చివర్లో గురువుగారి గదికి వెళ్ళాను. ఆయన ఒక కాజా తీసుకుని, పొర పొరా విప్పుకుంటూ తిన్నారు.

“ఎన్నిసార్లు సరిచూశావు?” అన్నారు.

“ఒక్కసారేనండీ. జవాబు సరిగ్గానే వచ్చింది కదండీ.”

“తప్పుగా వచ్చుంటే?”

“మళ్ళీ చూసేవాణ్ణండీ.”

“ఎన్నిసార్లు?”

“సరిగ్గా వచ్చేదాకానండీ.”

అనేశాక గానీ ఏమన్నానో నాకు వినపడలేదు. ఆయన చేతులు తుడుచుకున్నారు. “నువ్వు చేస్తున్నది లెక్క కాదు, పెళ్ళి సంబంధం. నచ్చిన చోట విచారించడం ఆపేశావు” అన్నారు.

వారం తిరక్కుండా తేలింది. నేను చూసింది ధూళి. పాలపుంతలో ఒక మూల నేను సరిగ్గా ఊడవలేదు. పోస్ట్‌మాన్ కనపడితే పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి. గురువుగారు తిట్టలేదు. “కాజా మాత్రం బాగుంది” అన్నారు, అంతే. ఆ ఒక్క ముక్క నన్ను ఏళ్ళ తరబడి తిట్టింది.

ఆ తర్వాత ఆయన మా గదిలో ఒక పద్ధతి పెట్టారు. మేం దాన్ని గంతలు అనుకునేవాళ్ళం. లెక్క మొదలెట్టే ముందే కంప్యూటరు తనకి తోచిన ఒక రహస్య సంఖ్యని జవాబుకి కలిపేస్తుంది. తెర మీద మాకు కనిపించేది అబద్ధపు జవాబు. లెక్కలో పొరపాట్లు పట్టుకోవచ్చు, ధూళి ఊడ్చుకోవచ్చు, జవాబు ఎంత సన్నగా తేలిందో, అంటే ఎంత కచ్చితంగా ఉందో చూసుకోవచ్చు. అసలు జవాబు ఎక్కడుందో మాత్రం తెలియదు. అన్ని పరీక్షలూ అయ్యాక గంతలు విప్పాలి. విప్పాక ఒక్క అంకె కూడా మార్చకూడదు, ఏదొస్తే అదే అచ్చు. విప్పడానికి పాస్‌వర్డు రెండు ముక్కలు. లెక్క చేసినవాళ్ళ దగ్గర ఒకటి, పెద్దవాడి దగ్గర ఒకటి. ఇద్దరూ కొడితేనే తెరుచుకుంటుంది.

లంక మీద పాక

తర్వాతి ఏళ్ళలో నేను ఏం చేశానో చెప్పాలంటే లంకభూముల గురించి చెప్పాలి. గోదావరి మధ్య లంకలో పాక వేసుకున్నవాడు ప్రతి వరదకీ గట్టు కోసుకుపోవడం చూసి, పాకని పది గజాలు వెనక్కి జరుపుకుంటాడు. మా రంగంలో ఒక గ్రాఫ్ ఉంది. అందులో ఒక కోడిగుడ్డు ఆకారం. ఆ గుడ్డు లోపల ఉన్న మోడళ్ళు బతికున్నట్టు, బయట ఉన్నవి పోయినట్టు. కొత్త కొలత వచ్చినప్పుడల్లా గుడ్డు చిక్కిపోతుంది. మొదట్లో నా గట్టు నట్టనడుమ ఉండేది. తర్వాత అంచుకొచ్చింది. నేను పాకని జరిపాను. అంటే వాలుకి కాస్త వంపు పెట్టాను. మళ్ళీ కొలత వచ్చింది, మళ్ళీ జరిపాను, ఈసారి చివర్లో చిన్న మెలిక. చివరికి అది ఏటిగట్టులా లేదు, లారీ గుద్దిన రేకుల షెడ్డులా ఉంది. పేరు మాత్రం మార్చలేదు.

సభల్లో దాని గురించి చెబుతుంటే వినేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. ఒకచోట చివరికి మైకు సర్దే ఆయనా నేనూ మిగిలాం. ఆయన కూడా మైకు కోసం ఆగాడు.

“ప్రతి కొలతతోనూ సరిపోయే మోడల్, ప్రతి పార్టీ మీటింగుకీ కండువా మార్చుకునేవాడూ ఒకటే” అన్నారు గురువుగారు ఒకసారి. “వాడు ఎన్నికల్లో గెలవొచ్చు. వాణ్ణి ఏమీ అడగలేం.”

ఈ విషయంలో నా తీర్పు సూటిగా చెబుతాను. మోడల్‌కి ముద్దుపేరు పెట్టకండి. పెట్టాక అది లెక్క కాదు, పెంపుడు జంతువు. దానికి జబ్బు చేస్తే డాక్టరు మాట కూడా వినరు.

ఎస్తేరు

ఎస్తేరుది రాజోలు. వాళ్ళ తాతగారు ఒకరి పొలంలో కూలికెళ్ళేవారు, తండ్రి హైస్కూల్లో లెక్కల మాస్టారు, ఈ అమ్మాయి నా దగ్గరికి విశ్వం పుట్టుక మీద పీహెచ్‌డీకి వచ్చింది. ఇంత తక్కువలో అంత దూరం వెళ్ళిన ఉబ్బరం నా మోడల్లో కూడా లేదు. పొట్టిగా, నెమ్మదిగా, అవుననడానికి ‘ఆయ్’ అని, ప్రతి వాక్యం చివరా ‘అండీ’తో మాట్లాడుతుంది. ఆ ‘అండీ’ని నమ్మి ముందుకెళ్ళినవాళ్ళు దెబ్బ తిన్నారు.

ఆమె ధూళి ఊడవడానికి ఒక కొత్త పద్ధతి కట్టింది. పైకి విడుదలైన పటాలన్నీ కలిపి, నేను ఇన్నేళ్ళలో చెయ్యలేనంత శుభ్రంగా ఊడ్చింది. కరోనాకి ఇళ్ళకి చేరినవాళ్ళం, ఆ తర్వాత కూడా ఆమె రాజోలు నుంచీ, నేను అమలాపురం నుంచీ ఆ లెక్క నడిపాం. గంతలు అలాగే ఉన్నాయి. ఒకరోజు జవాబు ఎంత సన్నగా తేలిందో చూపించింది. గంతలున్నా సన్నదనం కనపడుతుందని చెప్పాను కదా. వెంట్రుక. అంత సన్నటి జవాబులో గట్టు దొరికిందా, నా పేరు జగద్విఖ్యాతం. దొరక్కపోతే గట్టు పోయినట్టే, ఇంక పాక జరుపుకోవడానికి చోటు లేదు.

ఎస్తేరు థీసిస్‌కి ఈ జవాబే చివరి అధ్యాయం. ఆమె ఫెలోషిప్ అయిపోయింది. ఉత్తరాదిన ఒక సంస్థలో ఉద్యోగం ఇస్తామన్నారు, జూన్ లోపల థీసిస్ ఇచ్చేస్తేనే. గంతలు విప్పాలంటే నా ముక్క నేను కొట్టాలి.

నేను కొట్టలేదు. కొట్టనని కూడా అనలేదు. ఇంకో పరీక్ష చేద్దామన్నాను. పటాన్ని సగానికి కోసి రెండు సగాలూ పోల్చమన్నాను. పోల్చింది. నాలుగు ముక్కలు చెయ్యమన్నాను. చేసింది. ధూళిని వేరే రంగుల్లో చూడమన్నాను. చూసింది. ఒక్కో పరీక్షా న్యాయమైందే, ఎవరూ వంక పెట్టలేరు. మా వృత్తిలో పిరికితనం ఎప్పుడూ శుభ్రమైన చొక్కా వేసుకునే వస్తుంది.

“సార్, ఇది ఎన్నో పరీక్షో నేను లెక్కెట్టడం మానేసేనండీ” అంది ఫోన్‌లో.

“మంచి పని తొందరపడితే చెడుతుందమ్మా.”

“ఆయ్. తొందర సంగతి కాదండీ. మీరు ఇంకేం పరీక్షలు చెప్తారో అవన్నీ ఒకేసారి చెప్పేత్తే, కూర్చుని చేసేసుకుంటానండీ.”

“అప్పుడే అన్నీ తోచవు కదమ్మా.”

“నేను పరీక్ష పాసవ్వగానే తోత్తున్నాయి కదండీ” అంది, ఎంతో మర్యాదగా.

ఏడు శనివారాలు

పరీక్షలు అయిపోయాయి. శాస్త్రంలో నాకు దాక్కునే చోటు మిగల్లేదు. అప్పుడు నాకు వాడపల్లి వెంకన్న గుర్తొచ్చాడు. ఏడు శనివారాలు వాడపల్లి వెళ్ళి ప్రదక్షిణలు చేస్తామని మావైపు చాలామంది మొక్కుకుంటారు. వాళ్ళందరూ కోరిక తీరడానికి మొక్కుతారు. కోరిక తేలకుండా ఉండడానికి మొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

“ఏడు వారాలు మొక్కుకున్నానమ్మా, పూర్తయ్యేదాకా ఆగుదాం” అన్నాను.

“మొక్కు కాదనకూడదు కదండీ” అంది ఎస్తేరు. “మా అమ్మ కూడా మా చర్చిలో ఉపవాస ప్రార్థన పెట్టిందండీ.”

“దేనికి?”

“మీరు పాస్‌వర్డు కొట్టాలనండీ.”

అలా రెండు వైపుల నుంచీ పైకి అర్జీలు వెళ్ళాయి. నేను నాలుగు శనివారాలు వెళ్ళాను. ఐదో శనివారం వాన, ఆత్రేయపురం రోడ్డు మీద జనం కిటకిట, నేను సగం దారిలో వెనక్కొచ్చాను. ఒక వారం తప్పితే మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలని నియమం పెట్టుకున్నాను. ఈ నియమం గుడిలో ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను. మా ఆవిడ వినేసి, “ఆ దేవుడికి మీరు తప్ప వేరే పనుంటుంది, వదిలెయ్యండి” అంది. అప్పటికి మే నెల నడుస్తోంది.

దిండిలో

మా అక్కయ్య భర్త సత్యం బావగారు మస్కట్‌లో క్రేన్ నడిపి, తిరిగొచ్చి, దిండిలో ఒక హౌస్‌బోట్ కొనుక్కున్నారు. మే చివర్లో ఎండకి పర్యాటకులు రారు. “ఆదివారం బోటు ఖాళీ, రా బావా, రొయ్యలు తిందాం” అని పిలిచారు. నేను రొయ్యల మాట తప్ప ఇంకేమీ వినలేదు. వెళ్ళి చూద్దును కదా, లోపల ఎస్తేరు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునుంది. పక్కన రాజమండ్రి నుంచి మా గురువుగారు. ఆయన రిటైరై చాలా కాలమైంది. వెదురుబొంగు ఇంకాస్త ఎండింది, అంతే తేడా.

“నేనే పిలిచేనండీ” అంది ఎస్తేరు.

“ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది బావా” అన్నారు బావగారు, తాడు విప్పుతూ. “మా సార్‌ని నీళ్ళ మధ్యకి తీసుకెళ్తే దిగి పారిపోలేరండీ అంది. నాకూ సబబుగానే తోచింది.”

బోటు కదిలింది. రొయ్యల ఇగురు వచ్చింది. ఒక్కో రొయ్యా మా గురువుగారి ముంజేయంత. నేను అవసరమైనదానికన్నా నెమ్మదిగా నమిలాను. గోదావరి నడిమికి వచ్చేసరికి పాటు మొదలై నీరు సముద్రం వైపు లాగేసింది, బోటు ఇసుకమేట మీద కూర్చుండిపోయింది. మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదన్నారు బావగారు. పాటు ఎప్పుడొస్తుందో దిండిలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆయనకి ఆ రోజే ఎందుకు తెలియలేదో నేను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

ఎస్తేరు తన ముక్క కొట్టేసి లాప్‌టాప్ నా వైపు తిప్పింది.

“అన్నం తిన్నాక చూద్దామమ్మా.”

“తినేసేం కదండీ.”

“అరగాలి కదా.”

“అబ్బా, కొట్టవయ్యా బావా” అన్నారు సత్యం బావగారు. “విశ్వం పుట్టడానికి ఇంతసేపు పట్టుండదు.”

గురువుగారు లేచి, “ఇలా రా” అని నన్ను బోటు చివరికి తీసుకెళ్ళారు. ఎండలో ఇసుకమేట తెల్లగా ఉంది.

“గట్టు పోతే నీకేం పోతుంది?” అన్నారు.

హాస్యమాడదామని నోరు తెరిచాను. “నా దగ్గర ఇంకోటి లేదండీ” అన్నాను.

“ఆ అమ్మాయి దగ్గర ఉందా?”

నా చిన్నప్పటి సైకిలు దిగుడూ, ఇన్నేళ్ళ పాక జరుపుళ్ళూ ఒక పక్క. జూన్ లోపల ఉద్యోగం జారిపోతే రాజోలు బస్టాండులో నిలబడే అమ్మాయి ఒక పక్క. తూకం వేయడానికి సిగ్గేసింది.

వచ్చి కూర్చుని కొట్టాను. ఒక అక్షరం తప్పు పడింది. “మళ్ళీ కొట్టండి సార్” అంది ఎస్తేరు, పలక మీద అ ఆలు దిద్దిస్తున్నట్టు. రెండోసారి తెరుచుకుంది.

తెర మీద సన్నటి గీత ఒకటి కదిలింది. గట్టు ఉండాల్సిన చోటు దాటింది. ఇంకా జరిగింది. తరంగాల జాడే లేదనే సున్నా పక్కన, ఎంతో నెమ్మదిగా, వెళ్ళి నిలబడింది. గట్టుకీ దానికీ మధ్య బోలెడంత ఖాళీ. అందులో లారీ తిప్పుకోవచ్చు.

“ఏమైంది?” అన్నారు బావగారు.

“చదునట బావగారూ. విశ్వం దొర్లిన నేల చదునట.”

“చదునని తేలలేదు” అన్నారు గురువుగారు. “గట్టు కాదని తేలింది. రెండూ ఒకటి కాదు.”

బావగారు చుట్టూ ఒకసారి చూశారు. ఇటు నీళ్ళు, అటు నీళ్ళు, ఆ పైన కొబ్బరితోటలు, ఎక్కడా జానెడు ఎత్తు లేదు. “ఇక్కడ పుట్టి కొండని నమ్ముకున్నావంటే, నీ ఖర్మ బావా” అన్నారు.

ఎస్తేరు నా వైపు తిరిగింది. “సార్, తప్పయినా మీ గట్టు చాలా అందమైందండీ. దాన్ని చూసే నేను ఈ పనిలోకొచ్చేనండీ” అంది. నా కళ్ళద్దాలు మసకబారాయి. గోదావరి మీద తేమ ఎక్కువ కదా, అందరూ అదే అనుకున్నారు.

తర్వాత

పోటు వచ్చింది, బోటు లేచింది. జవాబు ఎలా ఉందో అలాగే అచ్చుకి వెళ్ళింది. ఎస్తేరు జూన్‌లోనే థీసిస్ ఇచ్చి ఉద్యోగంలో చేరింది. నేను కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని గట్టుకి ఇంకో మెలిక పెడితే ఎలా ఉంటుందా అని కాగితాలు పాడుచేశాను. ఒకరోజు దాన్ని చూస్తే అది గట్టూ కాదు, చదునూ కాదు, వానకి తడిసిన అప్పడంలా ఉంది. వదిలేశాను. మరుసటి ఏడాది ఉద్యోగం కూడా వదిలేశాను. దుఃఖంతో కాదు. చెప్పడానికి కొత్తగా ఏమీ లేనివాడు జీతం తీసుకుంటే పక్కవాళ్ళు ఊరుకున్నా పొట్ట ఊరుకోదు.

ఈ మధ్య వచ్చిన కొలతలు చదును మోడళ్ళవాళ్ళ పాకల కింద కూడా మట్టి కాస్త జారుస్తున్నాయని వింటున్నాను. నాకేమీ సంతోషంగా లేదు. కొంచెం ఉంది.

ఇందులోకి వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది తక్కువ. మీ మోడల్ ఏ కొలత వస్తే పోయినట్టో, కొలత రాకముందే పదిమందిలో చెప్పెయ్యండి. జవాబు మీకు నచ్చిన రోజున, నచ్చని రోజున చూసినన్ని సార్లూ చూడండి. పాస్‌వర్డులో రెండో ముక్క మీ మోడల్ మీద ప్రేమ లేనివాళ్ళ దగ్గర ఉంచండి. ఇవన్నీ చేసినా బాధ తప్పదు. మిగతా వృత్తుల్లో అలా కాదు కాబోలు, నేను వేరే వృత్తి చెయ్యలేదు.

ఇక ఉబ్బరం సంగతి. మీరు అనుమానించే వాటిలో చాలావరకు నిజమే. పోస్ట్‌మాన్‌కి విశ్వం పుట్టుక చెప్పడం నిజం. మొక్కు నిజం, ఉపవాస ప్రార్థన నిజం. బోటు ఇసుకలో కూరుకుపోవడం అక్షరాలా నిజం, కావాలంటే దిండి వెళ్ళి అడగండి. రొయ్యల్ని పదితో భాగించుకోండి. ఇవేవీ కల్పన కాదు, సాగదీతలు.

పూర్తిగా కల్పించింది ఒక్కటే. గట్టు అందంగా ఉందని ఎస్తేరు అనలేదు. ఆమె నా వైపు తిరగనేలేదు. గీత నిలబడ్డాక చాలాసేపు తెరనే చూసి, గ్రాఫ్ సేవ్ చేసింది. తల ఎత్తకుండానే, “సార్, ఇంక పంపించెయ్యొచ్చాండీ?” అని అడిగింది.

“ఆయ్” అన్నాను.